పిల్లలకు కళ్ళజోడు కొంటున్నారా?

చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం. స్టీలు గిన్నె కొనేటప్పుడు అడుగు మందం చూస్తాం. చింతపండు కొనేటప్పుడు గింజ ఉందా, ఈనె ఉందా అని పిసికి మరీ చూస్తాం. అదే పిల్లలకు కళ్ళజోడు కొనాల్సి వస్తే మాత్రం షాపతను ఏది చూపిస్తే దానికి తలూపి తెచ్చుకుంటాం. ఎందుకంటే ఆ వస్తువులో ఏం చూడాలో మనకు ఎవరూ చెప్పలేదు. మన అమ్మలకూ తెలియదు. వాళ్ళ కాలంలో పిల్లలకు అద్దాలు పెట్టిన ఇళ్ళు మా లక్సెట్టిపేటలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు ఏ బడి ముందు నిలబడినా అద్దాల పిల్లలు గుంపులుగా కనిపిస్తారు.

మా ఇంట్లో ఇద్దరు పిల్లలకూ అద్దాలే. అమ్మాయికి ఐదో ఏట వచ్చాయి, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. అబ్బాయికి మూడో తరగతిలో వచ్చాయి. ఇద్దరివీ పాత ఫ్రేములు పారేయకుండా ఒక బిస్కెట్ డబ్బాలో వేస్తూ వచ్చాను. మొన్న సర్దుతూ లెక్కపెడితే పద్నాలుగు ఉన్నాయి. అందులో ఆరు కాడ మడిచే బందు దగ్గర విరిగినవి. మూడు ముక్కు మీద వంతెన దగ్గర తెగినవి. రెండింటికి అద్దం పగిలింది. మిగిలిన మూడూ బాగానే ఉన్నాయి గానీ, పిల్లలు పెరిగి మొహానికి చాలక పక్కన పెట్టినవి. ఈ డబ్బా నాకు ఒక పుస్తకం లాంటిది. ఫ్రేము ఎక్కడ ఓడిపోతుందో అది చూస్తే తెలిసిపోతుంది.

అద్దాలే మందు

ఫ్రేము గట్టిదనం గురించి ఇంతగా ఎందుకు పట్టించుకుంటానో తెలియాలంటే మా పాప సంగతి చెప్పాలి. అప్పటికి మాది ఇంకా ఆదిలాబాద్ జిల్లాయే, మంచిర్యాల జిల్లా 2016లో ఏర్పడింది. పక్కింటి పిల్లలతో ఆడుకుంటూ పాప కుడి కన్ను చేత్తో మూసుకుని, "అమ్మా, ఏం కనవడ్తలేదు" అంది. ఆటకు అంటోందేమో అని ఎడమ కన్ను మూయించి చూశాను, అన్నీ సరిగ్గా చెప్పింది. మళ్ళీ కుడి కన్ను మూయిస్తే గోడ మీద క్యాలెండర్ కూడా చెప్పలేకపోయింది. మర్నాడే మంచిర్యాలకు తీసుకెళ్ళాం.

డాక్టరు గారు పరీక్ష చేసి, కుడి కన్ను బాగానే ఉందనీ, ఎడమ కంటికి ప్లస్ నాలుగు ఉందనీ చెప్పారు. ఒక కన్ను బాగా కనిపిస్తుంటే పిల్లలకు ఏ ఇబ్బందీ తెలియదట. మసకగా కనిపించే కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. దీన్ని లేజీ ఐ అంటారు. కన్ను పైకి చక్కగానే ఉంటుంది, మెల్లకన్ను కూడా ఉండకపోవచ్చు. కానీ అలాగే వదిలేస్తే ఆ కంటికి చూపు నేర్చుకునే వయసు దాటిపోతుంది. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది. ఏడెనిమిదేళ్ళు దాటిన కొద్దీ కష్టమవుతూ పోతుంది. పెద్దయ్యాక ఎంత ఖరీదైన అద్దాలు పెట్టినా ఆ చూపు పూర్తిగా రాకపోవచ్చు.

"అమ్మా, ఈ పిల్లకు అద్దాలే మందు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఉండాలి" అన్నారు. రోజూ రెండు గంటలు మంచి కంటికి బిళ్ళ అతికించమని కూడా చెప్పారు.

అద్దాలు చేయించాం. మంచి ఫ్రేమే ఇచ్చానన్నాడు షాపతను. ఇరవై మూడో రోజున కాడ బందు ఊడి చేతికొచ్చింది. తీసుకెళ్తే, ఆ భాగం తమ దగ్గర లేదు, హైదరాబాదు నుంచి తెప్పించాలన్నాడు. ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ పాప అద్దాలు లేకుండా ఉంది. నాకు పోయిన డబ్బు మీద కోపం రాలేదు, పోయిన రోజుల మీద వచ్చింది. మందు సీసా పగిలితే ఇంకోటి కొంటాం, ఆ పూటకే తాగిస్తాం. ఈ మందు మాత్రం అలా దొరకదు. అప్పటి నుంచి ఏ ఫ్రేము చూసినా నా లెక్క ఒక్కటే: ఇది నా బిడ్డను ఎన్ని రోజులు అద్దాలు లేకుండా కూర్చోబెడుతుంది? గట్టి ఫ్రేము అంటే ఖరీదైనది కాదు, విరగనిది కూడా కాదు. పిల్లలవి ఎప్పుడో ఒకప్పుడు విరుగుతాయి. ముక్కు మీద నిలిచేది, విరిగితే ఆ రోజే బాగుచేయించగలిగేది గట్టి ఫ్రేము.

కొలత ముందు, అందం తర్వాత

ఫ్రేము కాడ లోపలి వైపు చూడండి, సన్నగా అంకెలుంటాయి. 44-16-125 అని ఉందనుకోండి. 44 అంటే ఒక అద్దం వెడల్పు, 16 అంటే ముక్కు మీద రెండు అద్దాల మధ్య దూరం, 125 అంటే కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మీ పిల్లకు సరిగ్గా సరిపోయిన ఫ్రేము దొరికినప్పుడు ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చేసారి షాపులో వెతుకులాట సగం తగ్గుతుంది.

'పెరిగే పిల్ల కదా, కాస్త పెద్దది తీసుకోండి' అంటారు. గౌనుకైతే సరే, లోపలికి మడిచి కుట్టుకోవచ్చు. ఫ్రేము పెద్దదైతే జారుతుంది, పిల్ల అద్దం పైనుంచి చూస్తుంది. అప్పుడు మొహాన అద్దాలున్నట్టే ఉంటుంది గానీ కన్ను మాత్రం అద్దం లేకుండానే చూస్తుంటుంది. మా పాప లాంటి పిల్లలకైతే మందు చేతిలో పట్టుకుని తాగకుండా ఉన్నట్టే. పైగా జారే ఫ్రేమును పిల్లలు నిమిషానికోసారి పైకి తోస్తారు. ఆ తోపుళ్ళకే బందులు వదులవుతాయి.

షాపులో ఈ పరీక్షలు చేయించండి. కంటిపాప అద్దానికి అడ్డంగా దాదాపు మధ్యలో ఉండాలి. పిల్లను నవ్వించండి, నవ్వినప్పుడు బుగ్గలు ఫ్రేమును పైకి లేపకూడదు. రెప్పలు కొట్టమనండి, వెంట్రుకలు అద్దానికి తగలకూడదు. కాడ చెవి పైకి వచ్చాకే వంపు తిరగాలి, ముందే తిరిగితే ఫ్రేము ముందుకు తోసుకొస్తుంది. కణతల దగ్గర నొక్కి గుర్తులు పడకూడదు. చివరగా కిందికి వంగి చెప్పులు వేసుకోమనండి, తల అటూ ఇటూ ఊపమనండి. అప్పటికీ నిలిస్తేనే దాని ధర అడగండి.

ముక్కు సంగతి

పిల్లల ముక్కుకు పై భాగంలో ఎత్తు తక్కువ, చప్పగా ఉంటుంది. పెద్దల ఫ్రేమును చిన్నది చేసినంత మాత్రాన అది పిల్లల ఫ్రేము కాదు. చిన్నపిల్లలకు ముక్కు మీద జీను లాగా ఒకే ముక్కగా కూర్చునే ఫ్రేము మంచిది, బరువు అంతటా పరుచుకుంటుంది. లేదా తీగల మీద మెత్తలున్నది తీసుకుంటే ముక్కును బట్టి వాటిని దగ్గరికి, దూరానికి వంచుకోవచ్చు. ఆ మెత్తలు సిలికాన్‌వి అయితే జారవు, గుచ్చుకోవు. మా వైపు ఎండకు చెమట ధారలుగా కారుతుంది కాబట్టి ఈ విషయం మరీ ముఖ్యం. మెత్తలు పచ్చబడితే, గట్టిబడితే మార్పించండి, అవి చవకే.

బందు చూడకుండా కొనకండి

నా డబ్బాలో ఆరు ఫ్రేములు చెప్పిన పాఠం ఇది. కాడ ముందుకు, వెనక్కు మడిచే చోట చిన్న గొట్టాల్లాంటి పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చుని, మధ్యలో నుంచి మర పోతుంది. ఆ పళ్ళు మూడుంటే మామూలు బందు, ఐదుంటే గట్టిది. రెండు కాడలూ తెరిచి మూసి చూడండి. ఒకే తీరుగా కదలాలి, లొడలొడ ఆడకూడదు.

ఇప్పుడు స్ప్రింగు బందులు వస్తున్నాయి. కాడ బయటి వైపుకు కూడా కాస్త సాగి మళ్ళీ తన చోటికి వస్తుంది. ఒక్క చేత్తో లాగి తీసే పిల్లలకు, బంతాటలాడే పిల్లలకు అది మంచిదే. అయితే కొనేముందు ఒక మాట అడగండి: "స్ప్రింగు పోతే ఇక్కడే వేస్తారా?" మామూలు మర ఊడితే లక్సెట్టిపేటలోనే ఐదు నిమిషాల్లో బిగించేస్తారు. స్ప్రింగు లోపల విరిగితే చాలాసార్లు కాడే మార్చాలి, ఆ కాడ దొరకాలి. దూరపు ఊళ్ళో కొన్న ఫ్రేము ఎంత మంచిదైనా, బాగుచేసే మనిషి దగ్గర్లో లేకపోతే మనకు కష్టమే. ఈ ఒక్క ప్రశ్న నాకు చాలా రోజులు మిగిల్చింది.

ఏ సరుకు మేలు?

షాపుల్లో టీఆర్-90 అని చెప్పే ఫ్రేములు తేలిగ్గా ఉంటాయి, వంగి మళ్ళీ లేస్తాయి. ఇది స్విట్జర్లాండ్ కంపెనీ ఒకటి తయారుచేసిన నైలాన్ జాతి ప్లాస్టిక్. ఆటల పిల్లలకు బాగుంటుంది. దీంట్లో లోటేమిటంటే వేడిచేసి వంచి మొహానికి సరిపెట్టడం కష్టం. అందుకని మొదటే సరిగ్గా కూర్చునేది చూసుకోవాలి. మనం షెల్ ఫ్రేము అనే ఎసిటేట్ రకం కాస్త బరువు, కానీ వేడిగాలి పట్టి చెవికి తగ్గట్టు వంచవచ్చు. మెటల్‌లో స్టెయిన్‌లెస్ స్టీలుది మన్నుతుంది. చవక మెటల్ ఫ్రేముల్లో నికెల్ ఉంటుంది. కొందరు పిల్లలకు అది పడక చెవి వెనక, ముక్కు పక్కన దురద, ఎర్రటి మచ్చలు వస్తాయి. గిల్టు చెవిపోగులు పడని పిల్లలైతే ఈ ఫ్రేములు కూడా పడకపోవచ్చు, జాగ్రత్త. చెమట, తలనూనె కలిసి పట్టే పచ్చటి చిలుము కూడా ఈ చవక మెటల్ మీదే చూశాను.

కింద సగం అంచు లేకుండా దారంతో కట్టినవి, అసలు అంచే లేనివి పిల్లలకు వద్దు. చుట్టూ నిండు అంచు ఉంటే అద్దానికి కాపలా.

మా అబ్బాయిది దూరపు చూపు కనిపించని మైనస్ నంబరు. అలాంటి వాళ్ళకు అద్దం అంచు దగ్గర మందంగా ఉంటుంది. ఫ్రేము ఎంత పెద్దదైతే అంచు అంత మందం, అంత బరువు. చిన్న, గుండ్రటి ఫ్రేము తీసుకుంటే అదే నంబరు అద్దం పలచగా వస్తుంది.

అద్దంలో పొదుపు చేయొద్దు

పిల్లలకు గాజు అద్దాలు వద్దే వద్దు. పగిలితే ముక్కలు కంట్లోకే పోతాయి. మామూలు ప్లాస్టిక్ అద్దం గాజు కన్నా నయం. పాలికార్బొనేట్ అన్నిటికన్నా దెబ్బకు ఓర్చుకుంటుంది, ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలనూ ఆపుతుంది. ఒక కంటి మీదే ఎక్కువగా ఆధారపడే పిల్లలకైతే ఇది తప్పనిసరి అని డాక్టర్లు చెప్తారు, ఆ ఉన్న మంచి కన్నును కాపాడుకోవాలి కదా. పాలికార్బొనేట్ మీద గీతలు తొందరగా పడతాయి కాబట్టి పైన హార్డ్ కోటింగ్ ఉందో లేదో అడగండి. అద్దం పేరు బిల్లు మీద రాయించుకోండి.

ఫోన్లు, టీవీల నీలి వెలుతురును ఆపే అద్దాలని చెప్పి ఎక్కువ ధర అడుగుతారు. 2023లో వచ్చిన కోక్రేన్ సమీక్షలో ఇటువంటి అద్దాల వల్ల కంటి అలసట తగ్గుతుందని తేలలేదు. ఆ డబ్బు పాలికార్బొనేట్‌కో, రెండో జతకో పెట్టుకోవడం మేలు.

రెండో జత అంటే దుబారా అనుకోకండి. ఒక ఖరీదైన ఫ్రేము కన్నా ఒకే నంబరుతో రెండు మధ్యరకం ఫ్రేములు ఉండటమే నయమని నా అనుభవం. అంత వీలు కాకపోతే నంబరు మారినప్పుడు పాతవి పారేయకుండా దాచండి. కొత్తవి బాగయ్యే దాకా అవి పెట్టవచ్చో లేదో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. కంటి చీటీని ఫోన్లో ఫోటో తీసి ఉంచండి. నేను ఇంకో పని కూడా చేస్తాను. ఫ్రేము తీసుకున్న షాపులోనే రెండు మరలు, ఒక జత ముక్కు మెత్తలు అదనంగా అడిగి తెచ్చుకుని, కుట్టు సూదుల డబ్బాలో పెడతాను.

ఇంట్లో చూసుకోవలసినవి

అద్దాలు రెండు చేతులతో తీయడం నేర్పండి. బందుల ఆయుష్షు సగం దీంట్లోనే ఉంది. కింద పెట్టేటప్పుడు అద్దం పైకి ఉండాలి. పొడి చీర కొంగుతో, చొక్కా అంచుతో తుడవొద్దు, దుమ్ము రేణువులు గీతలు పెడతాయి. ముందు మంచినీళ్ళతో కడిగి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేళ్ళతో రుద్ది, మళ్ళీ కడిగి మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. తలకు నూనె రాసిన రోజు కాడలు కూడా కడగాలి.

మా జిల్లాలో ఎండలు 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అలాంటప్పుడు మోటారు సైకిలు సీటు మీద, కారు అద్దం దగ్గర, పొయ్యి పక్కన పెడితే ప్లాస్టిక్ ఫ్రేము వంకర తిరుగుతుంది, అద్దం మీది కోటింగ్ కూడా పగుళ్ళిస్తుంది. నెలకోసారి మరలు బిగించి చూడండి. విరిగితే ఫెవిక్విక్ పోయకండి. అది అద్దం మీద పడితే పోదు, తర్వాత బాగుచేసే వాళ్ళకు కూడా పనికిరాకుండా పోతుంది. గూడెం గుట్ట జాతరలో పిల్లలు రంగు అద్దాల కోసం ఏడుస్తారు. అవి ఆడుకోవడానికి తప్ప కంటి అద్దాల బదులు పెట్టడానికి కాదని చెప్పి కొనివ్వండి.

నలుగురి మాట

ఎంత గట్టి ఫ్రేమైనా ఇంట్లో వాళ్ళ మాటకు విరుగుతుంది. మా పాపకు అద్దాలు పెట్టించిన కొత్తలో మా అత్తమ్మ, "ఆడివిల్లకు అద్దాలేంది బిడ్డా? రేపు పెండ్లికి ఎవలు ముందటికొస్తరు?" అని బాధపడేది. చుట్టాలు వస్తున్నారంటే అద్దాలు తీసి గూట్లో పెట్టేది. ఆమెది పిల్ల మీద ప్రేమే. నేను వాదించలేదు. పాప కుడి కన్ను మూసి, "అత్తమ్మా, ఇప్పుడు నీ చేతిలో ఎన్ని వేళ్ళున్నయో చెప్పమను" అన్నాను. పాప చెప్పలేకపోయింది. అత్తమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

2018 ఆగస్టు 15న మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలై, ఊరూరా పరీక్షలు చేసి ఉచితంగా అద్దాలు ఇచ్చారు. 2023 జనవరి 18న రెండో విడత మొదలైంది. మొదటి విడతలోనే మా అత్తమ్మకూ దగ్గరి చూపు అద్దాలు వచ్చాయి. బియ్యంలో రాళ్ళేరుతూ, "గింత తేటగ కనవడ్తదా!" అంది. ఆ తర్వాత పాప అద్దాలు గూట్లోకి పోలేదు. పైగా, "అద్దాలేవే పిల్లా?" అని బడికి పోయేముందు అడిగేది ఆమే.

ఖర్చుకు వెనకాడే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలకు, సర్కారు బడి పిల్లలకు వైద్య బృందాలు వచ్చి చూపు కూడా పరీక్షిస్తాయి. ఆ రోజు పిల్లను బడి మానిపించకండి. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడి పిల్లలకు ఉచిత అద్దాలున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే, ముథోల్‌లో, ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ 1996లో పల్లెల వాళ్ళ కోసం ఆసుపత్రి పెట్టింది. హైదరాబాదు పోతే మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి సర్కారుదే. ఉచితంగా వచ్చిన ఫ్రేమైనా సరే, పైన చెప్పిన పరీక్షలన్నీ చేయండి, సరిగ్గా కూర్చోకపోతే సరిచేసి ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

మా పాప ఎడమ కన్ను ఇప్పటికీ కుడి కన్నుతో సమానం కాలేదు. కానీ ఐదో ఏట పెద్ద అక్షరం కూడా చెప్పలేని ఆ కన్ను, ఇప్పుడు అద్దాలతో డాక్టరు గారి బోర్డు మీద చివరి నుంచి రెండో వరుస చదువుతోంది.

ఇంకొక్క మాట. కొలత, బందు, ముక్కు, అద్దం ఇవన్నీ మీరు చూసి, పనికొచ్చే మూడు నాలుగు ఫ్రేములు వేరు చేయండి. వాటిలోంచి రంగు మాత్రం పిల్లనే ఎంచుకోనివ్వండి. మా పాప మొదట ఎంచుకున్నది గులాబీ రంగు. నాకు నచ్చలేదు. అయినా సరేనన్నాను, పెట్టుకోవలసింది తనే కదా.